మంత్రశక్తి, దైవశక్తి

మానవుడు శక్తిని కోరుతాడు. ఈ కోరికలో ఆశ్చర్యపడవలసినది ఏమీ లేదు. అతని దేహం దుర్బలమైనది. అతని జ్ఞానం పరిమితమైనది. అతడు ప్రేమించే వారందరూ మరణానికి లోబడినవారు. పైరు పొట్టమీద ఉన్నప్పుడు వాన మొగం చాటు చేస్తుంది. నిన్నటిదాకా వాకిట్లో ఆడుకొన్న బిడ్డ నేడు జ్వరంతో కన్ను తెరవదు. ఇట్టి లోకంలో కంటికి కనిపించని శక్తులు ఏవో ఉన్నవనీ, వాటిని వశపరచుకొనే ఉపాయం ఎక్కడో ఎవరికో తెలిసి ఉండవచ్చుననీ అతడు అనుకోవడం సహజం. మంత్రం, తాయెత్తు, యంత్రం, అంజనం, సోది ఇవన్నీ ఆ ఆశలో నుంచి పుట్టినవే. వీటిని చూచి నవ్వడం తేలిక. కాని నవ్వేవాడు, తన బిడ్డ జ్వరంతో పడి ఉన్న రాత్రి కూడా అట్లాగే నవ్వగలడా అని ఒకసారి తనను తాను ప్రశ్నించుకోవడం మంచిది.

క్రైస్తవ చింతనలో ఈ విషయం మొదటి నుంచీ ఒక జటిలమైన సమస్యగా నిలిచి ఉన్నది. దైవశక్తిని నమ్మేవాడు మంత్రశక్తిని గురించి ఏమనవలె? అసలు లేదనవలెనా? ఉన్నది గాని దేవుని శక్తి కంటె తక్కువది అనవలెనా? ఈ రెండు సమాధానాలూ వాడుకలో ఉన్నవి. మొదటిది వివేకవంతుల సమాధానమనీ, రెండవది విశ్వాసుల సమాధానమనీ లోకం అనుకొంటుంది. కాని రెండింటిలోనూ ఒకే లోపం కలదు. శక్తి అనేది ఒకే జాతి వస్తువు అయినట్లు, ఉన్నదా లేదా, ఎక్కువా తక్కువా అన్న లెక్క మాత్రమే మిగిలినట్లు రెండూ మాట్లాడుతవి. తక్కెడలో ఒక ప్రక్క మాంత్రికుణ్ణి, మరొక ప్రక్క దేవుణ్ణి కూర్చుండబెట్టి ఏ సిబ్బె దిగుతుందో చూచినట్లుంటుంది. దేవుని సిబ్బెయే దిగినది అనుకొందాం. అప్పుడైనా ఆ తూకంలో దేవుడు మరొక గొప్ప మాంత్రికుడు మాత్రమే అవుతాడు. క్రైస్తవ గ్రంథాలను శ్రద్ధతో చదివితే, అవి చూపే భేదం ఈ తక్కెడకు అందేది కాదని తెలుస్తుంది.

పైకి చూస్తే నిర్గమకాండంలోని కథ తూకపు కథగానే తోస్తుంది. ఫరో సభలో అహరోను తన కర్రను పడవేస్తే అది సర్పమవుతుంది. ఐగుప్తు మాంత్రికులు తమ కర్రలను పడవేస్తే అవీ సర్పాలవుతవి. అహరోను కర్ర వారి కర్రలను మ్రింగివేస్తుంది. నీరు నెత్తురు కావడం, కప్పలు దేశాన్ని కప్పివేయడం, ఈ రెండు తెగుళ్ళను ఆ మాంత్రికులు కూడా చేసి చూపుతారు. మూడవదైన పేల తెగులు దగ్గర వారి విద్య ఆగిపోతుంది. అది దేవుని వ్రేలి పని అని వారే ఒప్పుకొంటారు. ఈ కథలో ఒక చిన్న విషయాన్ని పాఠకులు సాధారణంగా దాటిపోతారు. ఆ మాంత్రికులు తమ విద్యతో నెత్తురును మరల నీరు చేయలేదు, కప్పలను పోగొట్టలేదు, ఉన్న కప్పలకు మరికొన్ని కప్పలను చేర్చినారు. కప్పల బాధ తొలగించమని ఫరో వేడుకొన్నది మోషే అహరోనులనే గాని తన కొలువులోని వారిని కాదు. వారి సామర్థ్యం రాజు గౌరవాన్ని ఒక పూట నిలబెట్టడానికి పనికివచ్చినది. దప్పిగొన్న ప్రజకు ఒక్క గ్రుక్క మంచినీరు ఇవ్వడానికి పనికిరాలేదు. ఎదుటి ప్రక్క జరుగుతున్న పని ఏమిటి? ఇటుకలు చేసి చేసి నడుములు విరిగిన బానిసలను విడిపించడం. చూపులకు ఒకే విధంగా ఉన్న రెండు అద్భుతాలలో ఒకటి సింహాసనం కొరకు జరిగినది, రెండవది బానిస కొరకు జరిగినది.

అయితే ఈ కథతో విచారణ ముగియదు. ఆ తెగుళ్ళలో ఐగుప్తులోని సామాన్య ప్రజ పడిన యాతన, తుదకు ఇంటింటా జ్యేష్ఠ సంతానం మరణించడం చదివేవారి మనస్సును కలచివేస్తుంది. దానికి నిర్గమకాండం సులభమైన సమాధానం ఏదీ చెప్పదు. శక్తికి శక్తితో సమాధానం చెప్పిన చోట, ఆ శక్తి ఎంత న్యాయమైనదైనా, అమాయకులు నలిగిపోక తప్పలేదు. దైవశక్తి అంటే ఏమిటన్న ప్రశ్న క్రొత్త నిబంధనలో మరింత లోతుకు పోవలసి వచ్చినది.

అక్కడ ఈ ప్రశ్నకు ముఖ్యమైన దృష్టాంతం సమరయ పట్టణపు సీమోను కథ. అపొస్తలుల కార్యముల ఎనిమిదవ అధ్యాయంలో ఇది వస్తుంది. సీమోను గారడీ విద్యలు చేసి చాలకాలం ఆ పట్టణాన్ని విభ్రాంతిలో ముంచినవాడు. చిన్నలూ పెద్దలూ అతనిని దేవుని మహాశక్తి అని పిలిచినారు. ఫిలిప్పు అక్కడికి వచ్చి సువార్త ప్రకటించగా జనులతోపాటు సీమోను కూడా విశ్వసించి బాప్తిస్మం పొందినాడు. తరువాత పేతురు, యోహానులు వచ్చి విశ్వాసులపై చేతులుంచగా వారు పరిశుద్ధాత్మను పొందడం అతడు చూచినాడు. వెంటనే ద్రవ్యం తెచ్చి వారి ముందుంచి, ఆ అధికారం తనకు కూడా ఇమ్మని అడిగినాడు. పేతురు అతనిని తీవ్రంగా మందలించినాడు. దేవుని వరాన్ని వెలయిచ్చి కొనవచ్చునని తలచినందుకు ఆ వెండితోపాటు నశించగలవని హెచ్చరించి, పశ్చాత్తాపపడమన్నాడు. ఆ సీమోను పేరు మీదనే, ధర్మపదవులను క్రయవిక్రయం చేయడమనే పాపానికి పాశ్చాత్య క్రైస్తవ సంఘం 'సైమనీ' అని పేరుపెట్టినది.

ఈ కథలో సీమోను చేసిన అపరాధం ఏమిటో నిదానించి చూడవలె. అతడు అవిశ్వాసి కాడు. దేవుని శక్తి తన విద్య కంటె గొప్పదని అతడు ఒప్పుకొన్నాడు. తూకం అతనికి సరిగానే తెలిసినది. అతడు అడిగినది ఎవరికీ హాని చేసే శక్తి కూడా కాదు. తాను ఎవరిపై చేతులుంచితే వారికి పరిశుద్ధాత్మ లభించవలెనని మాత్రమే కోరినాడు. కోరిన వస్తువు పవిత్రమైనదే. కోరిన తీరులోనే దోషం ఉన్నది. అతని దృష్టిలో ఆ శక్తి ఒక విద్య. విద్య గనుక అది ఒకరి దగ్గర ఉంటుంది. వెలయిస్తే మరొకరి దగ్గరికి వస్తుంది. వచ్చిన తరువాత తనదై ఉంటుంది. తాను తలచినప్పుడు తలచినచోట పనిచేస్తుంది. పేతురు చేతులలో ఏదో మర్మం ఉన్నదని అతడు అనుకొన్నాడు. పేతురు చేతులలో ఏమీ లేదు. అవి తాము ప్రార్థించి పొందినదానిని మరొకరి కొరకు ప్రార్థిస్తున్న చేతులు. ఇచ్చేవాడు వేరొకడు.

మంత్రశక్తికీ దైవశక్తికీ గల భేదం ఈ కథ వల్ల కొంత స్పష్టమవుతుంది. మంత్రం నిర్బంధిస్తుంది, ప్రార్థన అర్థిస్తుంది. మంత్రంలో అక్షరం తప్పకుండా ఉంటే ఫలితం తప్పదు. దేవత అయినా, భూతమైనా, ప్రకృతి అయినా వచ్చి తీరవలె. ప్రార్థనలో అక్షరాలు తడబడినా దోషం లేదు. అక్షరాలు తప్పకపోయినా ఫలితం మన చేతిలో లేదు. 1890లో మొదట వెలువడిన 'గోల్డెన్ బౌ' అనే బృహద్గ్రంథంలో జేమ్స్ ఫ్రేజర్ ఇట్టి విభాగాన్నే చేసినాడు. మంత్రం ప్రకృతిని శాసించబోతుందనీ, మతం ప్రకృతికి మీదనున్న శక్తులను ప్రసన్నం చేసుకోబోతుందనీ అతడు వివరించినాడు. మానవజాతి మంత్రం నుంచి మతానికి, మతం నుంచి విజ్ఞానానికి మెట్లెక్కినదని అతడు చెప్పిన క్రమాన్ని తరువాతి పండితులు అంగీకరించలేదు. మొదటి మహాయుద్ధకాలంలో ట్రోబ్రియాండ్ దీవులలో నివసించి పరిశోధించిన మలినోవ్‌స్కీ మరొక విశేషాన్ని గమనించినాడు. ఆ దీవుల వారు లోపలి కయ్యలో, అపాయం లేని నీటిలో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ వాడరు. వెలుపలి సముద్రానికి పోయేటప్పుడు మాత్రం, ఎక్కడ ప్రాణభయం ఉన్నదో, ఏ చేప దొరుకుతుందో తెలియదో, అక్కడ విస్తారమైన మంత్రతంత్రాలు నడుపుతారు. అనగా మంత్రం అజ్ఞాని పని కాదు. అతని జ్ఞానం ఆగిపోయిన చోట నిలబడిన భయం పని. ఈ సంగతి గ్రహించిన ధార్మికుడు మంత్రాన్ని ఆశ్రయించినవానిని తృణీకరించలేడు. తాను ప్రార్థించేది కూడా ఆ ఒడ్డు మీద నిలబడియే.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. ఒడ్డు ఒకటే అయితే, ప్రార్థన మంత్రం కాకుండా ఎట్లా ఉంటుంది? ఉండదు, ఎప్పుడూ జాగ్రత్తపడకపోతే. ఈ హద్దు మతానికీ మంత్రానికీ మధ్య ఊరిపొలిమేర వలె శాశ్వతంగా పాతిన రాయి కాదు. అది మతం నడుమనుంచే, ఒక్కొక్క భక్తుని మనస్సు నడుమనుంచే పోతుంది. బైబిలు గ్రంథం దీనిని దాచలేదు. ఇశ్రాయేలీయులు ఒకసారి ఫిలిష్తీయుల చేతిలో ఓడి, షిలోహు నుంచి నిబంధన మందసాన్ని యుద్ధరంగానికి తెప్పించినారు. అది తమ నడుమ ఉంటే జయం తప్పదని వారి ధైర్యం. మందసం వచ్చినది, దండు భూమి అదిరేటట్లు కేకలు వేసినది, మరునాటి సంగతి మాత్రం మొదటిదాని కంటె ఘోరమైన ఓటమి, మందసం శత్రువుల పాలు కావడం. దేవుణ్ణి తాయెత్తుగా కట్టుకొన్నవారికి తాయెత్తు కూడా మిగలలేదు. అరణ్యంలో పాముకాటు తిన్నవారు చూచి బ్రతకడానికి మోషే ఎత్తించిన ఇత్తడి సర్పం కథ కూడా ఇట్టిదే. కొన్ని శతాబ్దాల తరువాత జనులు దానికి ధూపం వేస్తూ ఉండగా హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయించినాడు. మోషే చేయించినదన్న గౌరవం కూడా అతనిని ఆపలేదు.

ఎఫెసులో జరిగినది మరింత విచిత్రం. స్కెవ అనేవాని ఏడుగురు కుమారులు, పౌలు ప్రకటించే యేసు నామాన్ని భూతాలు వదిలించే మంత్రంగా ప్రయోగించబోయినారు. ఆ పట్టినది, యేసును ఎరుగుదును, పౌలును ఎరుగుదును, మీరెవరని వారినే ప్రశ్నించి, వారిపై దూకగా, వారు దిగంబరులై గాయాలతో పారిపోయినారు. నామం అదే, అక్షరాలు అవే, కాని ఆ నామంగల వానితో వారికి సంబంధం లేదు. ఈ సంఘటన తరువాత ఆ పట్టణంలో మాంత్రిక విద్య అభ్యసించినవారు తమ గ్రంథాలను తెచ్చి బహిరంగంగా కాల్చివేసినారనీ, వాటి వెల యాభైవేల వెండి నాణేలనీ అపొస్తలుల కార్యములు చెపుతున్నవి. ఈ లెక్క గమనింపదగినది. సీమోను శక్తిని కొనడానికి వెండి తెచ్చినాడు. వీరు వెండి పోసి కొన్న శక్తిని బూడిద చేసినారు. ఎవరూ వారిని బలవంతపెట్టినట్లు అక్కడ లేదు. వారు ఆ పుస్తకాలను అమ్మి ఆ సొమ్ము దానం చేయలేదు కూడా. తమకు పనికిరాని భయాన్ని మరొకరికి అమ్మదలచుకోలేదు కాబోలు.

భారతదేశంలోని పాఠకులకు ఈ విచారణ కొత్తది కాదు. పతంజలి తన యోగసూత్రాలలో విభూతిపాదమని ఒక భాగమంతా సిద్ధులకు కేటాయించి, ఆ పాదంలోనే అవి సమాధికి విఘ్నాలని స్పష్టంగా హెచ్చరించినాడు. భాగవతం ఏకాదశ స్కంధంలో శ్రీకృష్ణుడు ఉద్ధవునికి సిద్ధులన్నింటినీ వివరించి చెప్పి, ఉత్తమ యోగాన్ని కోరేవానికి అవి అంతరాయాలనీ, కాలాన్ని వృథాపుచ్చేవనీ చెపుతాడు. శ్రీరామకృష్ణ పరమహంస ఒక కథ చెప్పేవారు. ఒకడు ఏండ్ల తరబడి తపస్సు చేసి నీటిమీద నడిచి నదిని దాటే సిద్ధి సంపాదించుకొని వస్తాడు. అతని సోదరుడు పడవవానికి చిల్లర డబ్బు ఇచ్చి అదే నదిని దాటి, ఇన్నేండ్ల తపస్సు వెల ఇంతేనా అని అడుగుతాడు. క్రైస్తవ చింతన ఈ హెచ్చరికలను సంతోషంతో అంగీకరించగలదు. అయినా ఒక తేడా ఉన్నది; దానిని కప్పిపుచ్చడం రెండు సంప్రదాయాలకూ న్యాయం కాదు. యోగికి సిద్ధి తన సాధనకు ఆటంకం గనుక త్యాజ్యం. సువార్తలలో రోగి బాగుపడడం ఆటంకం కాదు, తోసివేయవలసినదీ కాదు. అది రాబోయే దైవరాజ్యానికి ఒక సూచన. అక్కడ అడగవలసినది, ఈ శక్తి సాధకుణ్ణి ఏమి చేస్తుంది అని మాత్రమే కాదు. ఎదుట పడి ఉన్న రోగిని ఏమి చేస్తుంది అని కూడా.

పంజాబులో 1889లో జన్మించి, 1905లో సిమ్లాలో బాప్తిస్మం పొంది, కాషాయం ధరించి సువార్త ప్రకటించిన సాధు సుందర్ సింగ్ జీవితంలో ఈ రెండు ప్రశ్నలూ ఎదురుపడిన ఘట్టం ఒకటి కలదు. సిలోనులో ఆయన పర్యటిస్తుండగా ఒక తల్లి ఆస్పత్రిలో ఉన్న తన కుమారుని కొరకు ప్రార్థించమని బ్రతిమాలినది. ఆయన ప్రార్థించినాడు, బాలుడు కోలుకొన్నాడు. దానితో జనం ఆయన చేతులలో ఏదో మహిమ ఉన్నదని విరగబడినారు. ఇట్టి పని కొనసాగిస్తే ప్రజల మనస్సు క్రీస్తును విడిచి తన మీదికి మళ్ళుతుందనీ, మూఢవిశ్వాసం పెరుగుతుందనీ గ్రహించి ఆయన దానిని మానుకొన్నాడు. సమరయలో సీమోను వెండి పోసి కొనబోయిన వస్తువు తనంతట తాను వచ్చి ఒళ్ళో పడినప్పుడు ఈ సాధువు దానిని వదులుకొన్నాడు. ఆ నిర్ణయం కూడా బాధ లేనిది కాదు. అటుపిమ్మట వచ్చిన తల్లుల మాట ఏమిటని అడిగేవారికి దాని బరువు తెలుస్తుంది.

ఈ బరువును క్రైస్తవులు అరణ్యంలో యేసు శోధింపబడిన వృత్తాంతంలో చూస్తారు. ఆకలిగొన్నవాని ముందు రాళ్ళున్నవి. వాటిని రొట్టెలు చేయవచ్చును. దేవాలయ శిఖరం ఉన్నది. దుమికి జనులను నివ్వెరపరచవచ్చును. లోకరాజ్యాలున్నవి, ఒక్కసారి సాగిలపడితే అన్నీ పొందవచ్చును. మూడింటినీ ఆయన నిరాకరించినాడు. శక్తి లేక కాదు. తరువాత ఆయనే అరణ్యప్రదేశంలో ఐదువేల మందికి ఆహారం పెట్టినట్లు సువార్తలు చెపుతున్నవి. తన ఆకలికి వాడని శక్తిని ఇతరుల ఆకలికి వాడినాడు. సూచక క్రియ చూపమని నిలదీసినవారికి చూపలేదు. అడగడానికి ధైర్యం లేక వెనుకనుంచి వచ్చి వస్త్రపు అంచు ముట్టిన స్త్రీకి స్వస్థత కలిగినది. తుదకు సిలువ దగ్గర నిలిచినవారు, ఇతరులను రక్షించినవాడు తనను రక్షించుకోలేడని హేళన చేసినారు. మాంత్రికుని కొలతలో ఆ హేళన తిరుగులేనిది. తనను కాపాడని శక్తి ఏమి శక్తి? క్రైస్తవ విశ్వాసం మాత్రం ఆ హేళనలోనే, పలికినవారికి తెలియకుండా, సత్యం పలుకబడినదని భావిస్తుంది. తనను రక్షించుకోకపోవడమే ఇతరులను రక్షించే తీరు.

రెండవ శతాబ్దంలో సెల్సస్ అనే తత్త్వవేత్త యేసు ఐగుప్తులో గారడీ నేర్చుకొని వచ్చి ప్రజలను మోసగించినాడని వ్రాసినాడు. మూడవ శతాబ్దంలో ఆరిజెన్ దానికి దీర్ఘమైన సమాధానం వ్రాసినాడు. మా గురువు చేసిన అద్భుతాలు ఇంకా పెద్దవి అని అతడు వాదించి ఉండవచ్చును. అది ఓడిపోయే వాదం, ఎందుకంటే అంతకంటె పెద్ద అద్భుతాన్ని రేపు మరొకడు చేయవచ్చును. అతడు వేరొక పరీక్ష పెట్టినాడు. గారడీవాడు తన ప్రదర్శన చూచినవారిని నడవడి మార్చుకొమ్మని పిలుస్తాడా? దైవభయంతో బ్రతకమని నేర్పుతాడా? యేసు పనులు చూచినవారిని ఆ పనులే మంచి జీవితానికి పిలిచినవని ఆరిజెన్ వాదం. చెట్టును పండును బట్టి తెలుసుకొనే ఈ పరీక్ష నేటికీ పనికివస్తుంది. అయితే ఆ పరీక్షను ఇతరులకు పెట్టేవారు ముందుగా తమకు పెట్టుకోవలె. క్రైస్తవ సంఘం ఆ పరీక్షలో ఎప్పుడూ నెగ్గలేదు.

ఇక్కడ ఈ విచారణ గ్రంథాలను దాటి మనుష్యుల ప్రాణాల దగ్గరికి వస్తుంది. మంత్రశక్తిలో విశ్వాసానికి ఒక నీడ ఉన్నది. శక్తితో మేలు చేయవచ్చునని నమ్మినవాడు కీడు చేయవచ్చునని కూడా నమ్ముతాడు. ఆఫ్రికాలోని అజాండే జాతిని గురించి ఇవాన్స్-ప్రిచర్డ్ 1937లో ప్రకటించిన గ్రంథంలో ఒక ఉదాహరణ ప్రసిద్ధమైనది. ధాన్యపు కొట్టు కూలి దాని నీడలో కూర్చున్నవారు గాయపడుతారు. స్తంభాలను చెద తిన్నదని అజాండేలకు తెలుసు. కాని ఈ మనుష్యులు ఆ క్రిందనున్న ఈ గడియలోనే అది ఎందుకు కూలినది? దీనికి వారి సమాధానం ఎవరో చేసిన క్షుద్రమని. ఈ ప్రశ్న ఒక్క అజాండేలది కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూచి, పాపం చేసినవాడు వీడా, వీని తల్లిదండ్రులా అని శిష్యులు యేసును అడిగినారు. సిలోయములో గోపురం కూలి పదునెనిమిది మంది చచ్చినప్పుడు కూడా యెరూషలేములో ఇదే గుసగుస. రెండు చోట్లా యేసు దోషిని చూపడానికి నిరాకరించినాడు. ఆ పదునెనిమిది మంది తక్కినవారి కంటె పాపులు కారన్నాడు. గ్రుడ్డివాని విషయంలో కారణాన్ని వెదకడం మాని అతని కన్నులు తెరిచినాడు. మంత్రలోకానికీ ఆయన లోకానికీ ఉన్న దూరం ఈ నిరాకరణలో తెలిసినంతగా ఏ అద్భుతంలోనూ తెలియదు. ఆపద వచ్చినప్పుడు, దీనిని ఎవరు చేసినారన్న ప్రశ్నను విడిచి, దీనికి ఏమి చేయవలెనన్న ప్రశ్నకు రావడమే ఆయన శిష్యులు నేర్చుకోవలసిన పాఠం.

సంఘం ఈ పాఠాన్ని మరచినప్పుడు ఏమి జరిగినదో చరిత్రలో ఉన్నది. పదవ శతాబ్దపు ఆరంభంలో లిఖితమైన ఒక సంఘశాసనం, స్త్రీలు రాత్రివేళ మృగాలనెక్కి ఆకాశంలో తిరుగుతారన్నది భ్రమ అనీ, సృష్టికర్త తప్ప మరొకడు జీవుల రూపాన్ని మార్చగలడని నమ్మడం అవిశ్వాసమనీ నిర్ణయించినది. ఐదారు శతాబ్దాలు గడిచిన తరువాత, సుమారు 1487లో జర్మనీలో వెలువడిన మంత్రగత్తెల విచారణ గ్రంథం తలక్రిందులుగా బోధించినది. మంత్రగత్తెలు లేరనడమే దాని దృష్టిలో మతద్రోహం. తరువాతి రెండు శతాబ్దాలలో ఐరోపాలో వేలకొలది మంది, ఎక్కువగా స్త్రీలు, ఈ నేరారోపణ మీద వధింపబడినారు. 1631లో ఫ్రీడ్రిక్ స్పీ అనే యేసుసభ గురువు తన పేరు చెప్పకుండా ఒక గ్రంథం ప్రకటించి, చిత్రహింస పెడితే ఎవరైనా ఏ నేరమైనా ఒప్పుకొంటారని వాదించవలసి వచ్చినది. అమెరికాలోని సేలంలో 1692లో పందొమ్మిది మందిని ఉరితీసినారు; ఒక వృద్ధుడు రాళ్ళ బరువు క్రింద ప్రాణం విడిచినాడు. ఆ న్యాయమూర్తులలో ఒకరైన సామ్యూల్ సీవాల్ 1697లో బోస్టనులోని తన సంఘమందిరంలో లేచి నిలబడి, తన దోషాన్ని, అవమానాన్ని అంగీకరిస్తూ వ్రాసిన పత్రాన్ని గురువు చదువుతుండగా విన్నాడు. సాతానుతో పోరాడుతున్నామనుకొన్న వారందరూ నిజానికి సాతానుకు దేవుని కంటె ఎక్కువ శక్తిని అంటగట్టినవారే. పాత శాసనం వ్రాసినవారికి ఉన్న విశ్వాసం వీరికి లేదు. విశ్వాసం తగ్గినంత మేర భయం పెరిగినది; భయం పెరిగినంత మేర కట్టెలు పేర్చబడినవి.

ఈ దేశంలో ఆ కట్టెలు ఇంకా ఆరిపోలేదు. ఛోటానాగపూరులో 1845లో జర్మను మిషనరీలు రాంచీ చేరినారు. 1850లో నలుగురు ఉరావులు అక్కడ మొదటిసారిగా బాప్తిస్మం పొందినారు. తరువాత వేలమంది ఆ మార్గాన వచ్చినారు. భూమి తగాదాలలో అండ దొరుకుతుందన్న ఆశ అందుకు ఒక కారణమైతే, భూతాల భయం నుంచి, వాటికి ఇవ్వవలసిన బలుల నుంచి విముక్తి మరొక కారణం. కాని భయం మతం మారినంతమాత్రాన మారదు. అదే ప్రాంతంలో నేటికీ 'డాయన్' అనే ముద్రవేసి స్త్రీలను హింసించడం, ఊరినుంచి వెళ్ళగొట్టడం, చంపడం జరుగుతున్నవి. బీహారు 1999లోను, జార్ఖండు 2001లోను దీనిని నిషేధించే చట్టాలు చేసినవి. ఛత్తీస్‌గఢ్ 2005లో ఇట్టి చట్టమే చేసినది. ఇట్టి ముద్రకు గురియై, తరువాత అట్టి స్త్రీలను కాపాడడానికే జీవితం అంకితం చేసిన జార్ఖండు మహిళ ఛుట్నీ దేవికి 2021లో పద్మశ్రీ లభించినది. తెలుగు నేల కూడా ఈ విషయంలో నిర్దోషి కాదు. తెలంగాణా పల్లెలలో బాణామతి, చేతబడి చేసినారన్న అనుమానంతో మనుష్యుల పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు అనేకం. మంత్రం పలికే నోటికి పళ్ళు లేకపోతే అక్షరం సరిగా పలుకదని ఆ క్రౌర్యానికి తర్కం. ముద్ర పడేది ఎవరిమీద? తరచుగా విధవ మీద, దిక్కులేని వృద్ధురాలి మీద, దాయాదులకు కావలసిన చెక్క పొలం ఉన్నదాని మీద. శక్తిమంతురాలని చెప్పి చంపేది ఎప్పుడూ ఊరిలోకెల్లా శక్తిహీనురాలినే.

సౌలు రాజు కథను ఈ సందర్భంలో మరల చదవవలె. దేశంలో కర్ణపిశాచిగలవారిని వెళ్ళగొట్టిన ఆ రాజే, యుద్ధానికి ముందు దేవుని నుంచి ఏ ఉత్తరమూ రాక భయపడి, మారువేషం వేసుకొని, రాత్రివేళ ఏన్దోరులోని అట్టి స్త్రీ దగ్గరికి పోతాడు. ఆమె విద్య వల్ల అతనికి తెలిసినది మరునాడు తానూ తన కుమారులూ చనిపోతారన్న సంగతి మాత్రమే. అతడు నేలమీద కూలబడినాడు. ఆ పగలూ రాత్రీ ఏమీ తినలేదు. అప్పుడు ఆ స్త్రీ తన ఇంట ఉన్న క్రొవ్విన పెయ్యను వధించి, పిండి పిసికి, రొట్టెలు కాల్చి, బ్రతిమాలి అతనికి భోజనం పెట్టినది. ఆమె అతనికి చేసిన మేలు ఈ ఒక్కటే; అది మంత్రం వల్ల చేసినది కాదు. తనను వేటాడిన రాజుకు అతని చివరి రాత్రి అన్నం పెట్టినది ఆమె. మంత్రగత్తెలను బ్రతకనీయరాదన్న వచనాన్ని ఆధారం చేసుకొన్న న్యాయాధిపతులు, అదే గ్రంథంలోని ఈ పుటను ఎట్లా చదివినారో తెలియదు.

తుదకు మొదటి ప్రశ్న మిగిలే ఉన్నది. జ్వరంతో పడి ఉన్న బిడ్డ తల్లికి మాంత్రికుడు నిశ్చయంగా మాట ఇస్తాడు, ప్రార్థించేవాడు ఇవ్వలేడు. గెత్సేమనే తోటలో యేసు చేసిన ప్రార్థనకే కోరిన ఫలితం లభించలేదు. ఆ గిన్నె తొలగిపోలేదు. కనుక ప్రార్థించేవాడు ఆ తల్లి ముందు తన రిక్తహస్తాలను దాచుకోరాదు. వైద్యుణ్ణి పిలవగలడు, రాత్రంతా మంచం ప్రక్క కూర్చోగలడు, బిడ్డ దక్కకపోతే ఆమెతోపాటు ఏడవగలడు, ఆమె దుఃఖం పొరుగింటి ముసలమ్మ మీద పగగా మారకుండా అడ్డుపడగలడు. ఇవి చిన్న పనులుగా కనిపిస్తవి. మాంత్రికుని మాట కంటె వీటిలో ఓదార్పు తక్కువని కూడా అనిపించవచ్చును. కాని ఆ మాట అబద్ధమైన మరునాడు మాంత్రికుడు ఆ ఇంట ఉండడు.

యోహాను సువార్తలో కడరాత్రి భోజన వృత్తాంతం ఒక విచిత్రమైన విధంగా మొదలవుతుంది. తండ్రి సమస్తాన్నీ తన చేతికి అప్పగించినాడని యేసు ఎరిగి ఉండెనని ముందు చెప్పి, ఆ వెంటనే ఆ చేతులు ఏమి చేసినవో సువార్తికుడు వర్ణిస్తాడు. ఆయన భోజనపంక్తి నుంచి లేచి, పైవస్త్రం తీసి, తువాలు నడుముకు కట్టుకొని, పళ్ళెంలో నీళ్ళు పోసి, శిష్యుల కాళ్ళు కడగనారంభించినాడు. ఆ కాళ్ళలో మరికొంతసేపటికి తనను పట్టి ఇవ్వబోయేవాని కాళ్ళు కూడా ఉన్నవి. పేతురు అప్పుడు తన కాళ్ళు కడగనీయనని వెనుకకు తీసినవాడు. తరువాతి కాలంలో సమరయలో సీమోను వెండి తెచ్చి ముందు ఉంచినప్పుడు దానిని త్రోసివేసినవాడు ఆ పేతురే.